సర్దార్ చూసిన గ్యాస్

మా బొగ్గుబాయిల దిక్కున గుండె నొప్పితో చచ్చినవాడు ఒక్కడూ లేడు. కావాలంటే బెల్లంపల్లి స్టేషన్‌లో దిగి, ఎదురుగా వచ్చిన మొదటి మనిషిని ఆపి, మీ బాపు దేనితో పోయాడని అడగండి. "గ్యాస్ పట్టింది" అంటాడు. మేనమామ? గ్యాసే. లారీ కింద పడ్డ బామ్మర్ది? వాడికీ ముందు గ్యాస్ పట్టే కళ్ళు తిరిగాయట. అంత గట్టి గుండెలు మావి. పొట్టలే కొంచెం కచ్చివి. ఈ మాట ఎంత నిజమో నేనిప్పుడు చెప్పబోయేదీ అంతే నిజం. కూర కూరగానే వడ్డిస్తున్నాను. పోపులో ఆవగింజ కూడా నేను వేసింది కాదు.

ఆ గ్యాస్‌కు మా కాలనీలో పెద్ద హకీం సిద్దిరాములు. బాయిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. సర్దార్ అంటే అందరికంటే ముందు లోపలికి పోయేవాడు. దీపం పైకెత్తి గ్యాస్ ఉందో లేదో చూస్తాడు, కర్రతో పైకప్పు తట్టి వింటాడు. రాయి గట్టిదైతే ఖంగుమంటుంది, బోలుదైతే డబ్బుమంటుంది. అంతా బాగుంటే బొగ్గు గోడ మీద చాక్‌పీస్‌తో తారీకు వేసి సంతకం గీకుతాడు. ఆ గీత చూశాకే కూలివాళ్ళు అడుగు పెడతారు.

సిద్దిరాములుకైతే దీపం కూడా అక్కర్లేదనేవారు. రోజూ తన జొన్నరొట్టెలో ముక్క పెట్టి సాకిన ఎలుక ఒకటి బాయిలో ఉండేది. ఒకనాడు దాని మీసాలు వాలి ఉండటం చూసి షిఫ్టు మొత్తాన్ని వెనక్కి తిప్పేశాడు. మేనేజర్ తిట్టుకుంటూ సొంత దీపం పట్టుకుని దిగాడు. దీపం ఒత్తి మీద పెళ్ళికొడుకు రుమాలంత నీలిమంట లేచింది. ఆయన పరుగెత్తిన పరుగుకు ఒక కాలి బూటు ఇప్పటికీ బాయిలోనే ఉంది. ఆ రోజు బతికినవాళ్ళు ఇంకా కాలనీలో ఉన్నారు. కాబట్టి సర్దార్ గ్యాస్ అన్నాడంటే గ్యాసే. రిటైరయ్యాక ఆయన మనుషుల పొట్టలు తట్టడం మొదలుపెట్టినా, నోరెత్తినవాడు లేడు.

ఆయన భార్య లస్మవ్వ. ధర్మపురి దిక్కు పిల్ల. బీడీల చేటను పుట్టింటి నుంచి వెంట తెచ్చుకుంది, అది ఇంకా ఒళ్ళోంచి దిగలేదు.

ఆ శుక్రవారం పొద్దున్నే ఆమె వాకిట్లో చేట ముందు కూర్చుంది. తడిబట్టలో చుట్టిన తునికాకు విప్పి, ఒక్కొక్క ఆకునూ కత్తెరతో కొలతకు కత్తిరించి పక్కన పెట్టుకుంది. ఆకు ఎడమ అరచేతిలో పరచుకుని, చిటికెడు తంబాకు వేసి, రెండు బొటనవేళ్ళతో చుట్టి, కొస మడిచి దారం వేస్తుంది. ఆ చేతులను చూసే పని ఆమె కళ్ళకు ఏనాడూ లేదు. ఆ రోజు మాత్రం చూడాల్సి వచ్చింది. చుట్టిన బీడీ చేతిలోనే విప్పుకుపోయింది. మళ్ళీ చుట్టింది. దారం వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. ఎడమ భుజం మీద ఎవరో బొగ్గుతట్ట పెట్టినట్టయింది.

పక్కింటి పోశవ్వ తన చేట తెచ్చుకుని ఎదురుగా కూర్చుంటూ ఆగింది.

"అక్కా, ఏందే గట్ల చెమటలు పోస్తున్నయ్?"

"ఏం లేదే. చెయ్యి గుంజుతుంది. బీడీలు చేసి చేసి భుజం వడిపోయింది."

"భుజం గుంజితే దవడ ఎందుకు పట్టుకున్నవ్?"

తన కుడిచెయ్యి దవడ మీదికి ఎప్పుడు పోయిందో లస్మవ్వకే తెలియలేదు. తీసేసింది. తీశాక చాతీ నడిమధ్య రోకలి ఆనించినట్టు బరువు తెలిసింది. ఆకు మీద చెమటచుక్క పడి తంబాకు తడిసింది. తడిసిన తంబాకు పనికి రాదు. దాన్ని గోటితో తీసి పక్కన పెట్టింది.

సిద్దిరాములు హోటల్‌లో చాయ్ తాగి అప్పుడే వచ్చాడు. సంగతి విని, అంగీ చేతులు పైకి మడిచాడు. ఆమెను మంచం మీద పడుకోబెట్టి, చెవి వంచి, వేలి కణుపుతో పొట్ట మీద కొట్టాడు.

"ఇన్నవా పోశీ? డబ్బుమన్నది. బోలు. లోపట గ్యాస్ నిండింది."

"బావా, నొప్పి రొమ్ముల ఉన్నదంటే పొట్ట మీద కొడ్తవేంది?"

"గ్యాస్ కింద ఉంటదానె, పిచ్చిదానా? బాయిల గుడ కప్పుకే పోయి పడ్తది. పొట్టల పుట్టింది, రొమ్ముకెక్కింది." భార్య వైపు తిరిగాడు. "రాత్రి ఏం తిన్నవే?"

"నువ్వు మిగిలిచ్చిన ఆలుగడ్డ కూర."

"అగో!" అన్నాడు, దొంగ దొరికినట్టు.

సోడాపొడి కలిపిన నీళ్ళు తాగించాడు. ఆమె తేపింది. పోశవ్వ ముఖం వైపు చూసి నవ్వుతూ, గూట్లోంచి చాక్‌పీస్ తీసి వంటింటి తలుపు మీద తారీకు వేసి సంతకం గీకాడు. కాలనీలో ఎవరి పొట్ట తట్టినా ఆయన ఇట్లాగే చేస్తాడు. అందరూ నవ్వుతారు. నవ్వితే సగం నొప్పి పోతుందని ఆయన అంటాడు.

లస్మవ్వ నొప్పి మధ్యాహ్నానికి మళ్ళీ వచ్చింది. ఈసారి వాంతి కూడా అయింది. సిద్దిరాములు చిరాకుపడి, బండి మీద కూర్చోబెట్టుకుని ఆర్ఎంపీ సంపత్ దగ్గరికి తీసుకుపోయాడు. కాలనీ మూల మీద దుకాణం మడిగె ఒకటి, లోపల ఒక పరదా, బయట ఒక బెంచీ. బెంచీ నిండా జనం ఉన్నారు. అందరూ జరిగి సర్దార్‌కు చోటిచ్చారు. లస్మవ్వ నిలబడింది.

సంపత్ ఆమె చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాడు. కొట్టి, ఒకసారి విని, మళ్ళీ కొట్టాడు. ఆమె అరచెయ్యి తిప్పి తాకాడు. ఎండాకాలంలో ఆ చెయ్యి కుండలా చల్లగా ఉంది.

"కాకా," అన్నాడు గొంతు తగ్గించి, "చిన్నమ్మను పెద్ద దవాఖానకు తీస్కపోతే మంచిగుంటది. సీదా ఎమర్జెన్సీల చూపియ్యుండ్రి. గుండె పట్టీ తీస్తరు. గా మిషను నా తాన లేదు."

సిద్దిరాములు గొంతు తగ్గించలేదు. "సంపత్, మీ అయ్యకు పొట్టల ఉబ్బినప్పుడు ఒచ్చి సూసిందెవరు?"

"నువ్వే కాకా."

"ఏమన్న?"

"గ్యాస్ అన్నవ్."

"మరి ఏమైంది?"

"పోయిండు కాకా."

"దేనితోని పోయిండు?"

సంపత్ బెంచీ మీది జనాన్ని చూశాడు. జనం సంపత్‌ను చూశారు.

"గ్యాస్‌తోనే కాకా," అన్నాడు.

లస్మవ్వ పరదా పట్టుకుని నిలబడి ఉంది. నోరు తెరవాలంటే ముందు ఊపిరి తెచ్చుకోవాల్సి వచ్చింది.

"ఇగో... పోదాం పా. ఒక్కసారి సూపిచ్చుకొని ఒద్దాం."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనను ఆమె ఏదైనా అడిగిందంటే ఇదొక్కటే కావచ్చు. ఆయన బెంచీ వైపు తిరిగి నవ్వాడు.

"ఇన్నరా? ఎమర్జెన్సీకి పోతదట. ఎమర్జెన్సీ అంటే ఏందో ఎరికెనా నీకు? కాళ్ళు తెగినోళ్ళు, పురుగుల మందు తాగినోళ్ళు పోతరు ఆడికి. నలుగురు మోసుకపోతరు. నువ్వు బండెక్కి కూసొని, దిగి, నడిచొచ్చినవ్. నడిచొచ్చినోళ్ళకు ఎమర్జెన్సీ ఏందే?"

బెంచీ అంతా నవ్వింది. లస్మవ్వ కూడా నవ్వింది. అందరూ నవ్వుతుంటే ఒక్కతే నవ్వకుండా ఉండటం ఆమెకు రాదు. సంపత్ సూది వేసి, గ్యాస్ గోళీలు కాగితంలో పొట్లం కట్టి, ఆ పొట్లాన్ని ఆమె ముఖం చూడకుండా చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయింది. తెల్లారి సిద్దిరాములు హోటల్‌లో ఆమె గొంతు అనుకరించి, చాతీ పట్టుకుని, "ఇగో... పోదాం పా" అని చూపించాడు. చాయ్ కాసేవాడు నవ్వి నవ్వి పాలు పొంగించాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మా దిక్కు ఊరికే అనరు.

ఆ హోటల్ నవ్వు పోశవ్వ చెవిన పడింది. తిన్నగా లస్మవ్వ ఇంటికి వచ్చింది.

"చీర మార్సుకో. ఆటో పిలిచిన."

"ఒద్దే పోశీ. ఆయినె ఏమంటడో."

"ఆయినె హోటల్ల నిన్ను ఆడిస్తుండు. గంటన్నర పడ్తది ఆ ఆట. గంతల మనం పోయి ఒస్తం. లే."

లస్మవ్వ లేచింది. దవాఖానకు కట్టుకునే నీలం చీర పెట్టెలోంచి తీసింది. కుచ్చిళ్ళు పెట్టుకోవడానికి ఎడమచెయ్యి సాయం రాలేదు. పోశవ్వే ముందు కూర్చుని, బీడీకి కొస మడిచినంత పనితనంగా మడిచి దోపింది. ఇద్దరూ ఆటో ఎక్కారు. ఆటో తిరగబోతుండగా సిద్దిరాములు, వెనక ఇద్దరు దోస్తులు, వీధి మలుపులో కనిపించారు.

ఆయన అరవలేదు. నిదానంగా నడిచి వచ్చి ఆటో కడ్డీ మీద చెయ్యి వేశాడు.

"ఏడికి?"

"దవాఖానకు," అంది పోశవ్వ. "పెద్దదానికి."

"పోండ్రి. నేను ఆపుతనా? పోండ్రి." భార్యను చూశాడు. "గా దవాఖానల సగం మంది నన్ను ఎరికినోళ్ళే. సర్దార్ పెండ్లానికే సర్దార్ మాట మీద నమ్మకం లేదా అని అడుగుతరు. నువ్వే చెప్పు ఏం చెప్పాల్నో. ఆళ్ళు గ్యాసే అంటరు, నువ్వు మళ్ళ ఒస్తవ్. నేను రేపటి సంది హోటల్‌కు పోను. ఇంట్ల గాజులేసుకొని బీడీలు చేసుకుంట కూసుంట. పో."

వెనక ఉన్న దోస్తులు నేల మీద ఏదో పోగొట్టుకున్నట్టు వెతుకుతున్నారు. లస్మవ్వ ఆయన అంగీ చూసింది. తెల్లది. తనే ఉతికి నీలిమందు పెట్టింది. రంగేసిన మీసం చూసింది. ఆ మనిషి తలెత్తుకుని నడవడం తప్ప ఇంకేమీ చేతగానివాడని కాలనీలో ఆమె ఒక్కదానికే తెలుసు. దవాఖానలో నిజంగానే గ్యాస్ అన్నారంటే? ఈ ఆటో దిగి, ఈ వీధిలో, ఈ నీలం చీరతో తిరిగి నడవాలి. రొమ్ములోని నొప్పికంటే ఆ నడకే ఆమెకు దగ్గరగా కనిపించింది.

ఒక కాలు కిందపెట్టింది. రెండో కాలు పెట్టడానికి పోశవ్వ భుజం పట్టుకుంది.

"ఆటో పంపియ్యే. జర తక్కువైనట్టే ఉన్నది."

"అక్కా..."

"పంపియ్యే."

సిద్దిరాములు ఇంట్లోకి పోయి వంటింటి తలుపు మీద పాత తారీకు కింద కొత్త తారీకు వేసి సంతకం గీకాడు. ఈసారి ఆమె పొట్ట తట్టి చూడటం కూడా మరిచిపోయాడు.

ఆదివారం దోస్తులను తిండికి పిలిచాడు. సర్దార్ ఇంట్లో అంతా బాగానే ఉందని నలుగురికీ తెలియాలి కదా. మటన్, బోటి. లస్మవ్వ బోటి కడగడానికి వేడినీళ్ళ గిన్నె దించుతూ మధ్యలో కూర్చుండిపోయింది. గిన్నె ఒలకలేదు. కాసేపటికి లేచి కడిగింది. అల్లం వెల్లుల్లి నూరుతూ రెండుసార్లు ఆగింది. కూర ఉడుకుతుంటే ఆ వాసనకు వాకిట్లోకి వచ్చి నిలబడి, మళ్ళీ లోపలికి పోయి ఉప్పు చూసింది. నాలుకకు ఉప్పు తెలియలేదు. అలవాటు మీద వేసింది. దోస్తులు వేళ్ళు నాకి, "వదినె చెయ్యి మహిమ" అన్నారు. "గ్యాస్ పట్టిన చెయ్యి మరి!" అన్నాడు సిద్దిరాములు. దానికీ నవ్వారు.

పొద్దు గూకే వేళకు ఆయన మంచం మీద ఒరిగి తేపబోయి ఆగాడు. తేపు రాలేదు. చెయ్యి చాతీ మీదికి పోయింది.

"లస్మీ... గుండె! గుండెనే! 108కు కొట్టుండ్రే!"

వీధి వీధంతా లేచింది. గోడ అవతలి నుంచి పోశవ్వ తొంగి చూసింది.

"బావా, ఒకసారి పొట్ట మీద కొట్టి సూడనా? డబ్బుమంటదో, ఖంగుమంటదో."

"నీ నోట్ల మన్ను వడ! నా గుండె నాకు తెల్వదా?"

అంబులెన్స్ వచ్చింది. సిద్దిరాములు తనే నడిచిపోయి ఎక్కి, స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూశాడు. నడిచొచ్చినోళ్ళకు ఎమర్జెన్సీ లేదన్న మాట ఆ వీధిలో ఎవరికీ గుర్తు రాలేదు. పోశవ్వ ఒక్కతే పళ్ళు కొరికింది. లస్మవ్వ తువ్వాల, నీళ్ళ సీసా, ఆయన చెప్పులు పట్టుకుని వెనక ఎక్కింది. మెట్టు ఎత్తుగా ఉంది. మొదటిసారి కాలు అందలేదు. రెండోసారి ఎక్కింది. దారి పొడుగునా తువ్వాల కొసతో ఆయనకు విసిరింది, కుడిచేత్తోనే. ఎడమచెయ్యి ఒళ్ళో చెప్పుల పక్కన ఇంకొక వస్తువులా పడి ఉంది.

పెద్ద దవాఖానలో అడిగిన మనిషి లేడు, ఆపిన మనిషి లేడు. గుండె అనగానే మంచం ఇచ్చారు. అంగీ విప్పి, చాతీకి బిళ్ళలు అంటించి, తీగలు తగిలించారు. మిషను గీతల కాగితాన్ని మెల్లగా కక్కింది. లస్మవ్వ మంచం కాళ్ళ దిక్కున చెప్పులు పట్టుకుని నిలబడి ఆ కాగితాన్నే చూసింది. సంపత్ చెప్పిన గుండె పట్టీ ఇదేనన్నమాట. ఇంతేనన్నమాట. నొప్పి కూడా లేదు. సూది కూడా లేదు.

స్పందన అనే చిన్న డాక్టరమ్మ వచ్చి కాగితం చూసింది.

"తాతా, నీ గుండె రాయిలెక్కున్నది. మధ్యాహ్నం ఏం తిన్నవ్?"

"మటన్."

"బోటి గుడనా?"

"జరంత."

"గ్యాస్ తాతా. గోళీ ఇస్తా, ఇంటికి పోవచ్చు."

సిద్దిరాములు మోచేతి మీద లేచాడు. "గ్యాసా? నాకా? బిడ్డా, నేను సర్దార్‌ను. బాయిల దీపం పట్టినోన్ని. గ్యాస్ ఏందో నాకు చెప్తవా? గా మిషను ఖరాబున్నది. మళ్ళ తియ్యి."

పక్క మంచాల వాళ్ళు నవ్వారు. నర్సు ఆయన చాతీ మీది తీగలు ఒక్కొక్కటే తీసి మంచం కడ్డీకి వేలాడేసింది. అవి లస్మవ్వ చేతికి జానెడు దూరంలో ఊగాయి.

పోబోతున్న డాక్టరమ్మ ఆగింది. లస్మవ్వ ముఖం చూసింది.

"అవ్వా, నీకెందుకు గట్ల చెమటలు పోస్తున్నయ్? నీకేమన్న నొప్పి ఉన్నదా?"

లస్మవ్వ ఆ తీగలను చూసింది. తరువాత మొగుణ్ణి చూసింది. ఆయన కూడా ఆమెనే చూస్తున్నాడు. అంగీ లేకుండా, నెరిసిన చాతీ మీద బిళ్ళల గుండ్రటి మరకలతో, మీసం ఒక పక్కకు అణిగి, ఇంత చిన్నగా ఆయన ఎప్పుడూ కనిపించలేదు. ఇప్పటికే నలుగురూ నవ్వారు.

"గ్యాసే బిడ్డా," అంది. "సర్దార్ సూసిండు."

"మీ ఇంట్ల అందరికీ గ్యాసేనా?" అని డాక్టరమ్మ నవ్వింది. అంతలో బండి మీంచి పడి తల పగిలిన పిలగాణ్ణి మోసుకొచ్చారు. ఆమె అటు ఉరికింది.

రెండోసారి పట్టీ తీసేదాకా మంచం దిగనని సిద్దిరాములు పట్టుబట్టాడు. పేషెంటు కానివాళ్ళు బయట కూర్చోవాలని వార్డుబాయ్ లస్మవ్వను పంపించాడు. బయట బెంచీ మీద గోడకు ఆనుకుని కూర్చుంది. చెప్పులు రెండూ ఒకదాని మీద ఒకటి చేర్చి, బీడీల కట్టకు దారం వేసేముందు నొక్కినట్టు రెండు బొటనవేళ్ళతో నొక్కి పట్టుకుంది.

నేల తుడిచే మనిషి వచ్చింది. "అవ్వా, కాళ్ళు తియ్యి" అంది. లస్మవ్వ తీయలేదు. ఆమె విసుక్కుని, కాళ్ళ చుట్టూ తుడిచి పోయింది.

రెండో పట్టీ కూడా రాయిలాగే వచ్చింది. సిద్దిరాములు అంగీ గుండీలు పెట్టుకుంటూ ఉత్తకాళ్ళతో బయటికి వచ్చాడు.

"ఏమే, చెప్పులేవి? ఈడ గుడ నిద్రనేనా? మొగుడు లోపట సస్తుంటే!"

వంగి చెప్పులు లాగాడు. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాడు. చెప్పులతో పాటు ఆమె చేతులు వచ్చాయి, చేతులతో పాటు ఆమె వచ్చింది.

లస్మవ్వ దినాల నాడు పందిట్లో విస్తర్లు వేశారు. కాలనీ అంతా వచ్చింది. సిద్దిరాములు తెల్లంగీ వేసుకుని మధ్యలో కూర్చున్నాడు. మీసానికి రంగు లేదు గానీ గొంతు అదే.

"గ్యాసే," అన్నాడు. "పొట్టల పుట్టింది, గుండెకెక్కింది. నేను మొదటినాడే సూసి చెప్పలే?"

"చెప్పినవ్ అన్నా," అన్నారు దోస్తులు. సంపత్ తల విస్తరి మీదికి వంచుకుని, అన్నం కలుపుతూనే, అవునన్నట్టు ఊపాడు. పోశవ్వ ఒక్కతే లేచి వంటింట్లోకి పోయింది. తలుపు మీది రెండు తారీకులను ఉమ్ము తడి చేసిన అరచేత్తో రుద్దింది. సుద్ద పోయింది. ఆ చోట తంబాకు మరక పడింది. అది ఎంత కడిగినా పోలేదు.

ఇదీ కథ. మా దిక్కున గుండె నొప్పితో ఎవరూ చావరని మొదట్లోనే చెప్పాను కదా, చూశారుగా. ఇక పోపులో ఆవగింజ కూడా నాది కాదని ఒక కోత కోశాను. ఆ కోత వెనక్కి తీసుకుంటున్నాను, ఒక్క గింజ వేశాను. ఎలుక మీసాలు అనుకుంటున్నారేమో, కాదు. ఎలుక నిజం, ఆ బూటు కూడా బాయిలోనే ఉంది, దిగి చూసుకోండి. నేను వేసింది డాక్టరమ్మ ఆగి అడిగిన ఆ ఒక్క మాట. ఆమె ఆగలేదు. నర్సు అడగలేదు, వార్డుబాయ్ అడగలేదు. కాబట్టి గ్యాసే అని లస్మవ్వ చెప్పనూ లేదు. చెప్పులు పట్టుకుని నిలబడ్డ మనిషిని ఎవరు అడుగుతారు? కాకపోతే, దవాఖాన నడిమధ్యన అంతసేపు చెమటలు కక్కుతూ నిలబడ్డ ఆడమనిషిని ఒక్కరూ పలకరించలేదంటే మీరు నమ్మరు. ఈ కథ చెప్పే ముసలోడు కోతలు కోస్తున్నాడంటారు. అందుకని, కథ నిజంలా ఉండాలని, అంత అబద్ధం కలిపాను.